అంకె పక్కన ఏం రాసుంది?

చీమకుర్తి పేరు చెబితే బయటివాళ్లకు గెలాక్సీ గ్రానైట్ గుర్తొస్తుంది. నాకు మాత్రం మిరప చేలు, పత్తి చేలు, వాటికి పెట్టే బోరు నీళ్లే ముందు గుర్తొస్తాయి. సాగర్ కాలువ నీళ్లు అందని చోట బోరే దిక్కు. ఆ నీళ్లు ఎంత ఉప్పో చెప్పే పరీక్ష కాగితాలు రైతులకు చదివిపెట్టడం నాకు ఇష్టమైన పని.

ఈమధ్య ఒక రైతు ఒకే బోరుకు మూడు అంకెలు పట్టుకొచ్చాడు. ల్యాబ్ కాగితంలో 2.2. పక్క చేను ఆయన పెన్ను మీటరులో 2200. మంచినీళ్ల ప్లాంటులోని టీడీఎస్ మీటరులో 1100. ‘‘ఏందన్నా, ఇందులో ఏది నిజం?’’ అన్నాడు.

ఉప్పు కరిగేకొద్దీ నీళ్లలో కరెంటు సులువుగా పారుతుంది. ఆ సులువును కొలిస్తే వచ్చేదే ఈసీ. ల్యాబ్ వాళ్లు డెసీసీమెన్స్ పర్ మీటర్‌లో రాశారు, పెన్ను మీటరు మైక్రోసీమెన్స్ పర్ సెంటీమీటర్‌లో చూపింది. మొదటిదాన్ని వెయ్యితో గుణిస్తే రెండోది వస్తుంది. పాత పుస్తకాల్లోని మిల్లీమో పర్ సెంటీమీటర్‌కైతే ఆ గుణకారమూ అక్కర్లేదు, 1 మిల్లీమో పర్ సెంటీమీటర్ అంటే 1 డెసీసీమెన్స్ పర్ మీటరే. 1954 నాటి అమెరికా వ్యవసాయ శాఖ హ్యాండ్‌బుక్ చవుడు నేలకు 4 మిల్లీమోల హద్దు గీసింది. 1971లో సీమెన్స్ అంతర్జాతీయ ప్రమాణమయ్యాక కూడా ఆ 4 అలాగే ఉండిపోయింది.

టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, ఆ అంకెతోనే అసలు చిక్కు. ఆ మీటరు ఉప్పును తూచదు. అదీ కరెంటునే కొలిచి, లోపల పెట్టిన గుణకంతో హెచ్చవేసి పీపీఎంగా చూపిస్తుంది. కొన్ని మీటర్లలో ఆ గుణకం 0.5, కొన్నింటిలో 0.7. వ్యవసాయ పుస్తకాలు 0.64 వాడతాయి. మన రైతు నీళ్లే ఒకచోట 1100, ఒకచోట 1540, ఇంకోచోట 1408 అవుతాయి. అందుకే పీపీఎం ఒక్కటే చెబితే నేను ఒప్పుకోను, మీటరును ఈసీకి మార్చి మళ్లీ చూడమంటాను. అదీ 25 డిగ్రీలకు సరిచేసి చూపే మీటరై ఉండాలి. డిగ్రీ పెరిగితే ఈసీ సుమారు 2 శాతం పెరుగుతుంది, మన ఎండల్లో అది చిన్న తేడా కాదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) పట్టికల ప్రకారం పెట్టే నీళ్ల ఈసీ 1 డెసీసీమెన్స్ పర్ మీటర్ దాటితే మిరప జాతి పంటలో దిగుబడి తగ్గడం మొదలవుతుంది. 2.2 దగ్గర దాదాపు పావు వంతు పోతుంది. పత్తి 5 దాకా తట్టుకుంటుంది. 1100 పీపీఎంను ఈసీ అనుకుని 1.1గా చదివితే మిరపకు పెద్దగా భయం లేదనిపిస్తుంది. ఎకరానికి అంత పెట్టుబడి పోసే పంట! కాగితం మీద 2.2 చూపించాక ఆయన ఆ బోరు కింద పత్తికే మొగ్గాడు.

మట్టి కాగితం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. చాలా ల్యాబుల్లో ఒక వంతు మట్టికి రెండు, రెండున్నర వంతుల నీళ్లు కలిపి కొలుస్తారు. పంటల పట్టికల్లోని మట్టి ఈసీ అంకెలూ, ఆ 4 హద్దూ మట్టిని ముద్దగా తడిపి పిండిన నీటి లెక్కలో ఉంటాయి. యూనిట్ ఒకటే అయినా నీళ్లు ఎక్కువ కలిపిన చోట అంకె బాగా చిన్నదవుతుంది. ఎంత చిన్నదన్నది నేలను బట్టి మారుతుంది, నల్లరేగడికీ ఇసుక నేలకూ ఒకే గుణకం పనికిరాదు. మట్టి సంచి ల్యాబులో ఇచ్చేటప్పుడే, ఈసీ పక్కన యూనిట్‌తో పాటు ఎన్ని వంతుల నీళ్లు కలిపారో కూడా రాసివ్వమని అడగండి.