గాసునూనెలో శాంతరసం

కర్ణాటక సరిహద్దు దగ్గరి నారాయణఖేడ్‌లో బండికి విశ్రాంతి తక్కువ. కంది బస్తా, పత్తి మూట, ముగ్గురు మనుషులు, అన్నీ దాని మీదే. అలా మోసీ మోసీ ఒకనాడు లోపల టకటకమంటుంది, కీచుమంటుంది, వెనక చక్రాన్ని బిగబట్టి నిలబడిపోతుంది. ఆ విషాదం అందరికీ తెలిసిందే. దాని తర్వాతి అంకం మాత్రం చూసేవాళ్లు తక్కువ: ఇంజన్ దింపి, చాంబర్‌ను రెండు చెక్కలుగా విప్పాక సాగే కడుగుడు. రసికులారా, కాస్త దగ్గరికి జరగండి. చొక్కాకు మరకైతే కానీయండి!

విప్పకముందే, మొదట బీభత్సం. కింది బోల్టు తిప్పగానే కమురు వాసనతో నల్లని నూనె తట్టలోకి జారుతుంది. తట్టను ఎండకు వంచి చూడండి, ఆ నలుపులో ఎన్ని మెరుపులు! పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం మెత్తని రజను. అయస్కాంతాన్ని చూసి కదలదు. విరిగిన గేరు పన్ను ముక్క చటుక్కున లేచి అంటుకుంటుంది. బుష్షు పొడిది రాగి ఛాయ. ఏ భాగం ఎలా పోయిందో ఆ రంగులే విన్నవిస్తాయి.

1994లో వచ్చినప్పటి నుంచి మన ఊళ్ల దారులను ఏలుతున్న స్ప్లెండర్‌నే తీసుకోండి. ఆ 97.2 సీసీ ఇంజన్‌లో క్రాంకుతో పాటే గిర్రున తిరిగే చిన్న గిన్నె ఒకటుంది. నూనెలోని బరువైన రేణువులను ఆ వేగమే గోడకు విసిరికొడుతుంది. మూత తీసి గోటితో గీకితే, బూడిదరంగు మడ్డి మీగడలా పొరలుగా లేస్తుంది. ఏళ్ల అరుగుదలంతా ఆ పలచని పొరల్లో! అడుగున జాలి, ఆ జాలిలో చిక్కిన సన్నని తునకలు... కరుణరసానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక గాసునూనె స్నానం. బ్రష్షు మూలమూలకూ పోతుంది, మరల సందుల్లో తారాడుతుంది, అవతలి దారి లేని గుంతల్లో మునిగి తేలుతుంది. నూనె దారుల్లోకి కంప్రెషర్ గాలి రివ్వున దూరి, దాగిన రజనును తరిమికొడుతుంది. బేరింగు దగ్గరికొచ్చేసరికి ఉస్తాదు చేయి మెత్తబడుతుంది. గాలి తాకిడికి అది పొడిగా గిరగిర తిరగకుండా వేలితో ఆపి ఊదుతాడు. తర్వాత చుక్క నూనె వేసి, కళ్లు మూసుకుని, నెమ్మదిగా తిప్పుతాడు. ఒక్క రేణువు మిగిలినా ఆ వేలికి తెలుస్తుంది! "ఇంకోపారి కడుగురా, ఇంకా మెరుస్తున్నది" అంటాడు కుర్రవాడితో. ఆహా, ఎంత మాట! మెరుపు ఏ కళలోనైనా గుణమే, ఈ ఒక్క కళలో దోషం. ఆ మెరుపు మిగిలితే నూనె వెంట పోయి, కొత్తగా వేసిన భాగాలనూ కొరికేస్తుంది.

తొలి తట్ట నల్లన, మలి తట్ట మసకన, చివరి తట్ట తేటన. అడుగున ఒక్క తళుకూ లేదు! భరతుడు చెప్పిన రసాలు ఎనిమిదే. శాంతాన్ని తర్వాతివాళ్లు చేర్చారు. ఎందుకు చేర్చవలసి వచ్చిందో ఈ తట్ట ముందు కూర్చున్నవాడికి ఇట్టే బోధపడుతుంది.

అంతా బిగించాక కూడా ఉస్తాదు తొందరపడడు. కొత్త నూనె పోసి, కాసేపు నడిపి, దాన్నీ దింపేసి మరొక్కసారి ఎండకు వంచి చూస్తాడు. కొత్త పిస్టన్‌కు అట్టపెట్టె ఉంది, దాని మీద ధర ఉంది. ఈ కడుగుడుకు చీటీలో ఒక వరస కూడా ఉండదు. "కూలి" అన్న రెండక్షరాల్లో కలిసిపోతుంది. ఆ తట్టను ఒక్కసారైనా కళ్లారా చూసినవాడు ఆ రెండక్షరాల దగ్గర బేరమాడడు.