'పునరాగమనం' ఎవరిది?

సోల్ సంగీతం అనగానే మనకు అరీతా ఫ్రాంక్లిన్ గుర్తొస్తుంది. అదే డెట్రాయిట్ నగరంలో పెరిగి, అదే అట్లాంటిక్ కంపెనీకి పాడిన బెట్టీ లవెట్ పేరు చాలామందికి తెలియదు. ప్రతిభలో తేడా వల్లే ఇలా జరిగిందనుకోవడం తేలిక. ఆమె రికార్డుల చరిత్ర చూస్తే అంత తేలిగ్గా అనలేం.

1946లో పుట్టిన లవెట్ 1962లో, పదహారేళ్ళ వయసులో, 'మై మ్యాన్ - హీ ఈజ్ ఎ లవిన్ మ్యాన్' పాడింది. ఆ రికార్డు వెనక ఉన్నది జానీ మే మాథ్యూస్, డెట్రాయిట్‌లో సొంత రికార్డు కంపెనీ పెట్టిన నల్లజాతి స్త్రీ. అట్లాంటిక్ విడుదల చేసిన ఆ పాట రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో 7వ స్థానానికి చేరింది. 1965లో 'లెట్ మి డౌన్ ఈజీ' వచ్చింది. ఆ తర్వాత ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి, ఒక్కో పాటగా సాగింది ఆమె ప్రయాణం. ఆల్బం మాత్రం లేదు. ఆల్బం లేని గాయని పాట రేడియోలో మోగుతుంది గానీ చరిత్ర పుస్తకంలో నిలవదు.

1972లో ఆ అవకాశం వచ్చింది. అలబామాలోని మజిల్ షోల్స్‌లో అట్లాంటిక్ కోసం పూర్తి ఆల్బం పాడింది. కంపెనీ దాన్ని విడుదల చెయ్యలేదు. మొదటి ఆల్బం బయటికి రావడానికి 1982 దాకా, అంటే మొదటి పాట తర్వాత ఇరవై ఏళ్ళు, ఆగాల్సి వచ్చింది. 1972 నాటి ఆల్బం 2000లో గానీ వెలుగు చూడలేదు. అదీ ఒక ఫ్రెంచ్ సేకర్త పట్టుబట్టి వెతికి, హక్కులు తీసుకుని 'సువెనీర్స్' పేరుతో విడుదల చేస్తేనే. ఇరవై ఆరేళ్ళ స్త్రీ గొంతును లోకం ఆమె యాభై నాలుగో ఏట విన్నది.

2004లో ఆమెకు డబ్ల్యూ.సి. హ్యాండీ అవార్డు వచ్చింది, 'పునరాగమనం' విభాగంలో. ఈ మాటను మనం అనుమానించాలి. ఆమె ఎక్కడికి వెళ్ళిందని తిరిగి రావడానికి? చిన్న క్లబ్బుల్లో పాడుతూనే ఉంది, నాటక బృందంతో ఊరూరా తిరిగింది. వినడం మానేసింది పరిశ్రమ. కానీ తిరిగొచ్చినట్టు రాసింది ఆమె గురించి. ఈ ఒక్క మాటతో మూసిపెట్టినవాళ్ళ బాధ్యత మాయమై, అన్ని సంవత్సరాల శ్రమ ఖాళీగా మిగిలిపోతుంది.

2005లో వచ్చిన 'ఐవ్ గాట్ మై ఓన్ హెల్ టు రైజ్' పాటలన్నీ స్త్రీలు రాసినవే. షినేడ్ ఓకానర్ పాటతో, వాద్యం లేకుండా, ఒంటి గొంతుతో మొదలవుతుంది. లూసిండా విలియమ్స్ 'జాయ్'లో ఊళ్ళ పేర్లు మార్చి డెట్రాయిట్‌ను, మజిల్ షోల్స్‌ను పెట్టింది. ఇంకొక స్త్రీ రాసిన కోపం ఈమె బతుకు పటంగా మారిపోయింది. పాట రాసినవాళ్ళే సృష్టికర్తలు, పాడేవాళ్ళు కేవలం వాహకాలు అనే వర్గీకరణ ఇక్కడ నిలబడదు.

విమర్శకులు ఆమె గరుకు గొంతులో బాధనే విన్నారు. నల్లజాతి స్త్రీ గొంతు పగిలితే అది జీవితమేనట, మగ వాద్యకారుడు తీగ వంచితే నైపుణ్యమట! లవెట్ ఎక్కడ ఊపిరి ఆపాలో, ఏ మాటను తాళానికి వెనకగా పడెయ్యాలో లెక్కగా తెలిసిన గాయని. ఆ పగుళ్ళు దశాబ్దాల సాధన. ఆమె బాధను మెచ్చుకుంటూ పనితనాన్ని చూడకపోవడం కూడా ఒక రకమైన చిన్నచూపే.

2007లో 'ద సీన్ ఆఫ్ ద క్రైమ్' కోసం మళ్ళీ మజిల్ షోల్స్ వెళ్ళింది. 'నేరం జరిగిన చోటు' అని ఆల్బంకు పేరు పెట్టడంలోనే ఫిర్యాదు ఉంది. ప్యాటర్సన్ హుడ్‌తో కలిసి తన కథను తనే పాటగా రాసింది అందులోనే. 2020లో 'బ్లాక్‌బర్డ్స్'లో తనకు ముందు నడిచిన నల్లజాతి గాయనుల పాటలు పాడింది. తన పేరు నిలబడ్డాక ఆమె చేసిన పని తన వెనకటి స్త్రీల పేర్లు నిలబెట్టడం.

ముందుగా 1972 పాటలు వినండి. ఆ గొంతులో లోపం ఏమైనా దొరుకుతుందేమో చూడండి. దొరక్కపోతే, అది ఇరవై ఎనిమిదేళ్ళు ఎందుకు మూలనపడి ఉందని అడగాల్సింది ఆమెను కాదు.