పలికినది వ్రాయు యంత్రము: గుణదోష విచారణ

బడిలో శ్రుతలేఖనము ఎరుగనివారు లేరు. ఉపాధ్యాయుడు వాక్యము చదువును. పిల్లలు విని వ్రాయుదురు. తరువాత తప్పులు లెక్కింపబడును. ఈ విని వ్రాయు పనిని నేడు కంప్యూటరు కూడ చేయుచున్నది. మనము పలుకుచుండగా అది తెరపై అక్షరములను కూర్చును. దీనికై వేరు పరికరము కొననక్కరలేదు. నేటి కంప్యూటర్లలోను, చేతి ఫోనులలోను ఈ సదుపాయము చాలవరకు ముందే అమర్చబడి వచ్చుచున్నది. పిల్లవాని శ్రుతలేఖనమును దిద్దినట్లే ఈ యంత్రపు వ్రాతను కూడ దిద్ది, దానికి ఎన్ని మార్కులు వేయవచ్చునో చూతము.

ముందు దీని చదువు ఎట్లు సాగినదో తెలిసికొనవలెను. 1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 'ఆడ్రే' అను యంత్రము నిర్మింపబడినది. అది సున్న మొదలు తొమ్మిది వరకు పది అంకెలను మాత్రమే గుర్తుపట్టెడిది. అదియు తనకు అలవాటు చేయబడిన గొంతు నుండి వచ్చినప్పుడే బాగుగా పట్టెడిది. 1962లో సియాటిల్ ప్రపంచ ప్రదర్శనలో ఐ.బి.ఎమ్. సంస్థ చూపిన 'షూబాక్స్' యంత్రమునకు తెలిసినవి 16 మాటలు. ఇక్కడినుండి ఈ విద్యను ముందుకు నడిపినవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి 1966లో స్టాన్‌ఫర్డులో డాక్టరేటు పొంది, తరువాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట 1976 నాటికి సిద్ధమైన 'హార్పీ' అను పద్ధతి సుమారు వేయి మాటలను గుర్తింపగలిగినది. 1994లో ఆయనకు ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ పురస్కారము లభించినది. అయినను తెలుగు వంతు రావడానికి చాలకాలము పట్టినది. 2017 ఆగస్టులో గూగుల్ సంస్థ తన పలుకు టైపు సదుపాయములో మరి ఏడు భారతదేశ భాషలతోపాటు తెలుగును చేర్చినది. పది ఇంగ్లీషు అంకెలనుండి తెలుగు వాక్యము వరకు నడక 65 సంవత్సరములు.

యంత్రము ఎట్లు వినును? మన పలుకు గాలిలో అలలుగా పోయి మైకునకు తగులును. కంప్యూటరు ఆ అల ఎత్తును సాధారణముగా సెకనుకు 16,000 మారులు కొలిచి అంకెలుగా మార్చుకొనును. పిదప సెకనులో నూరవ వంతు చొప్పున ముందుకు జరుగుచు, ప్రతి తునుకలో ఏయే పౌనఃపున్యములు ఎంత బలముగా ఉన్నవో చూచును. దానినిబట్టి ఇది 'క' కావచ్చును, 'గ' కావచ్చును అని పాళ్ళు వేసికొనును. ఏ మాట తరువాత ఏ మాట రావడము సహజమో అది లక్షల వాక్యములనుండి ముందే నేర్చుకొనియుండును. ఈ రెండు లెక్కలను కలిపి ఎక్కువ సంభవమైన వాక్యమును తెరపై వేయును. అనగా అది విన్నదానినే వ్రాయుట లేదు. విన్నదానికి తన అనుభవమును జోడించి ఊహించుచున్నది. దీని గుణములన్నియు, దోషములన్నియు ఈ ఒక్క విషయమునుండి పుట్టినవే.

మొదట గుణములు చెప్పవలెను. 'స్త్రీ' అను ఒక్క అక్షరమును కంప్యూటరులో కూర్చుటకు స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘము అని ఆరు సంకేతములు కావలెను. మీట పలక అలవాటు లేనివారికి ఇది పెద్ద శ్రమ. నోటితో పలికిన అరక్షణములో తీరిపోవును. చేయి సరిగా ఆడని పిల్లవానికి, చూపు లేని విద్యార్థికి ఇది సౌకర్యము మాత్రమే కాదు, తన ఆలోచనను తానే కాగితముపై పెట్టుకొను స్వాతంత్ర్యము. పాఠ్యపుస్తకపు భాషలో, నిశ్శబ్దమైన గదిలో, నిదానముగా చదివినచో వ్రాత చాలవరకు శుద్ధముగానే వచ్చును. మహాప్రాణములలో కూడ తప్పులు తక్కువే. మనము 'ధనము'ను 'దనము' అని పలికినను అది 'ధనము' అనియే వ్రాయును; ఎందుకనగా ఆ మాట దానికి ముందే తెలియును.

ఇక దోషములు. పలుకులో మాటల నడుమ ఖాళీలు ఉండవు. పైగా తెలుగులో సంధులు ఎక్కువ. ఒక్క క్రియకే ప్రత్యయములు చేరి వందలకొలది రూపములు ఏర్పడును. కనుక యంత్రము మాటను ఎచ్చట విరువవలెనో తెలియక తికమకపడును. అయితే అన్నిటికంటె పెద్ద దోషము వేరొకటి కలదు. అది నాకు కరీంనగరు జిల్లా చొప్పదండిలో కనబడినది.

అక్కడ పాఠములోని వాక్యములను పలికినప్పుడు యంత్రము బాగుగానే వ్రాసినది. ఇంటిలో మాటలాడు తీరున "బాపు చేనుకాడికెళ్ళి అచ్చిండు" అని పలుకగా, "బాపు చేను కాడికి వెళ్ళి ఇచ్చిండు" అని వ్రాసినది. ఆ ప్రాంతమున 'కెళ్ళి' అనగా 'నుండి' అని అర్థము. 'అచ్చిండు' అనగా 'వచ్చినాడు'. తండ్రి చేనునుండి తిరిగివచ్చిన మాట, తండ్రి చేనుకు పోయి ఎవరికో ఏదో ఇచ్చిన మాటగా మారినది. వాక్యములో వ్యాకరణదోషము లేదు; చూచుటకు చక్కగానే ఉన్నది; అర్థము మాత్రము తలక్రిందులైనది. 'మక్కలు' అనగా 'మొక్కలు' అని వ్రాసినది. మక్కజొన్న పండించు నేలపై ఇది చిన్న పొరపాటు కాదు.

కారణము పైన చెప్పినదే. యంత్రము నేర్చుకొనిన వాక్యములలో 'వెళ్ళి', 'మొక్కలు' ఎక్కువగాను, 'కెళ్ళి', 'మక్కలు' తక్కువగాను ఉండియుండవలెను. తక్కువ విన్నదానిని అది ఎక్కువ విన్నదానిగా దిద్దును. ఇచట ఒక పాత ప్రయత్నము జ్ఞప్తికి వచ్చుచున్నది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యమున సిద్ధమైన మాండలిక వృత్తిపదకోశములో వ్యవసాయ పదముల సంపుటమును ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రకటించినది. చేనేత పదముల సంపుటము 1971లో వెలువడినది. రైతు నోట, సాలె నోట ఉన్న మాటను వారి ఊళ్ళకు పోయి సేకరించిన కృషి అది. యంత్రమునకు కూడ అట్టి చదువే కావలెను. హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. పరిశోధకులు జనులనుండి తెలుగు పలుకులను సేకరించు పనికి పూనుకొనుట మంచి సూచన. ఆ సేకరణలలో ప్రతి జిల్లా గొంతు, ముసలివారి గొంతు, పొలములో పనిచేయు స్త్రీల గొంతు చేరినప్పుడే ఫలితము నిండుగా ఉండును.

ఉపాధ్యాయులు మూడు విషయములు గమనింపవలెను. ఒకటి: వర్ణక్రమము యంత్రమే సమకూర్చును గనుక, వ్రాయుట నేర్చుకొను వయసులో దీనిని చేతివ్రాతకు బదులుగా వాడరాదు. రెండు: చాల సదుపాయములలో పిల్లవాని గొంతు ఇంటర్నెట్టు మీదుగా దూరపు కంప్యూటరునకు పోయి, అక్షరములై తిరిగి వచ్చును. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని చెప్పుచున్నది. ఆ సంగతి ఇంటివారికి తెలుపవలెను. మూడు: యంత్రము తన మాటను మాటిమాటికి మార్చివేయగా పిల్లవాడు తన ఇంటి మాటయే తప్పనుకొనును. అది తప్పు మాట కాదు, యంత్రమునకు ఇంకను రాని మాట అని ఉపాధ్యాయుడే చెప్పవలెను. చెప్పనిచో ఆ పిల్లవాడు యంత్రము ఎదుటనే కాదు, తరగతిలో కూడ నోరు విప్పడు.

తరగతిలో ఒక పరీక్ష సులభముగా చేయవచ్చును. నూరు మాటల పాఠభాగమొకటి, నూరు మాటల ఇంటి ముచ్చట ఒకటి తీసికొని, ఒకే విద్యార్థిచే ఒకే గదిలో పలికింపుడు. మారిన మాటలు, విడిచిన మాటలు, లేనివి చేర్చిన మాటలు వేరువేరుగా లెక్కించి కూడుడు. ఉదాహరణకు 12 మారి, 5 విడిచి, 3 చేరినచో తప్పులు నూటికి 20. తెలుగులో ఒక్క అక్షరము పోయినను పొడవైన మాట మొత్తము తప్పుగా లెక్కకు వచ్చును. కనుక అక్షరముల లెక్క కూడ వేయుట న్యాయము. పాఠమునకు వచ్చిన తప్పులకును, ముచ్చటకు వచ్చిన తప్పులకును గల భేదమే ఆ యంత్రము మీ ఊరిని ఎంత దూరముగా ఉంచినదో తెలుపును.

నా మట్టుకు నేను దీనికి పాఠములో మంచి మార్కులు వేయుదును. ఇంటి మాటలో తప్పించి, మరల పరీక్షకు రమ్మందును. ఇది మందమతి కాదు, వినిపించినకొలది నేర్చుకొనును. వినిపించవలసినది మనము. అంతవరకు దీనిచే వ్రాయించిన ప్రతి వాక్యమును ఒకసారి చదివి చూచుకొనుడు. బాపు చేనునుండి వచ్చినాడో, చేనుకు పోయినాడో చెప్పవలసినవారు ఇంటివారే గాని యంత్రము కాదు.