పోరాటస్మృతులలో ప్రజావిశ్వాసము: పాల్వంచ–భద్రాచల మన్యసీమ సాక్ష్యము

యుద్ధకాలమున సైనికునకు ప్రజలొసగు నండను గూర్చి వ్రాయునపుడు మన విమర్శకులు ‘ప్రజల యాదరమును చూరగొనెను’ అను నొక్క వాక్యముతో తృప్తి చెందుట పరిపాటి యైనది. ఆ యాదరము ఏ రూపమున లభించినది, ఎవరు చూపిరి, అందుకై వారేమి వెల చెల్లించిరి అని యడుగువారు తక్కువ. తెలంగాణ సాయుధపోరాటమును (1946–1951) గూర్చిన రచనలను ఈ ప్రశ్నలతో చదువవలెనని మా యుద్దేశము. అందులకు ఖమ్మము, భద్రాచలముల నడుమనున్న యటవీప్రాంతమును ఎన్నుకొన్నాము. ఏలయన, ఇచ్చటి జనులు నాలుగైదేండ్ల వ్యవధిలో రజాకారులను చూచిరి, భారతసైన్యమును చూచిరి, ఆ యిరువురకును ఎదురు నిలిచిన దళములను తమ గూడెములలోనే చూచిరి.

ఈ సీమ భూగోళమును మరచిన యెడల ఈ రచనలు బోధపడవు. గోదావరి ఎడమదరినున్న భద్రాచలము 1860లో నిజాము చేతినుండి ఆంగ్లేయుల పాలనకు మారి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినది. కుడిదరినున్న పాల్వంచ, బూర్గంపహాడు నిజాము రాజ్యముననే యుండెను. భద్రాచలము ఖమ్మము జిల్లాలో కలిసినది 1959లో మాత్రమే. కావున 1948 సెప్టెంబరు వరకు ఏరు దాటుట యనగా రాజ్యము దాటుట. అనంతరము రెండు దరులును ఒకే కేంద్రప్రభుత్వపు సేనకు లోబడినవి. అంతకుముందు ఏటి కిచ్చిన విలువ ఇక అడవి కొక్కదానికే మిగిలినది.

ఇక గ్రంథములు. పుచ్చలపల్లి సుందరయ్యగారి పోరాటచరిత్ర 1972లో వెలువడినది. రావి నారాయణరెడ్డిగారి స్మృతులును ఇంచుమించు ఆ కాలమునకు చెందినవే. ఇరువురును ఒకే పక్షమున నిలిచి ఒకే పోరాటమును నడిపినవారు. అయినను ప్రజావిశ్వాసము నొద్దకు వచ్చుసరికి వారి సాక్ష్యములు పొసగవు. రజాకారుల యాగడములతో విసిగిన ప్రజలు భారతసైన్యమును విమోచకునిగా ఎదుర్కొనిరనియు, అటుపై ఆయుధము పట్టియుండుట ప్రజాభిప్రాయమునకు దూరమైనదనియు నారాయణరెడ్డిగారి మతము. 1948 తరువాతను దళములను ప్రజలు, అందును అడవిలోని కోయలు, కడుపులో పెట్టుకొని కాచిరని సుందరయ్యగారి వాదము.

పాఠకులు తమ రాజకీయాభిరుచిని బట్టి ఒకదానిని గ్రహించి రెండవదానిని త్రోసివేయుచున్నారు. మా దృష్టిలో రెండును నిజములే. వేర్వేరు నేలలను గూర్చిన నిజములు. 1948 సెప్టెంబరు 13న బయలుదేరిన సైన్యములలో ఒక విభాగము బెజవాడ నుండి సూర్యాపేట మార్గమున నడచినది. బాటవెంటనున్న మైదానపు గ్రామములకు సైనికుడు రజాకారుని తరిమిన మనిషి. ఆ గ్రామములే 1952 ఎన్నికలలో నారాయణరెడ్డిగారికి నెహ్రూగారి కంటె నెక్కుడు ఓట్లు కురిపించినవి. సైన్యమునకు దండవేసిన చేయియే దళములను నడిపిన నాయకునకును ఓటు వేసిన దన్నమాట. విశ్వాసము ఒక్కరికే చెందవలయునను నియమమును ప్రజలెన్నడును పాటింపలేదు. ఆ నియమము గ్రంథకర్తలది.

అడవిలో కథ వేరు. అచ్చటి గూడెమునకు బాట లేదు. అచ్చటికి సైనికుడు వచ్చినది దళమును వెదకుటకే. దళమునకు కోయలిచ్చిన తోడ్పాటులో జయజయధ్వానములు లేవు. గంజి, జావ, డొంకదారి చూపుట, పోలీసు వచ్చి యడిగినపుడు నోరు మెదపకుండుట – ఇవి యే ఆ తోడ్పాటు. దీనిని తెగగొట్టుటకు ప్రభుత్వము ఎంచుకొన్న యుపాయము గూడెములను ఖాళీ చేయించి జనమును శిబిరములకు చేర్చుట. మలయాలో ఆంగ్లేయులు 1950 నుండి చీనావారిని అడవి యంచుల నుండి ‘కొత్త గ్రామముల’కు తరలించిన బ్రిగ్స్ పథకము పేరు మన పోరాటరచనలలో కానవచ్చుట ఈ పోలికచేతనే. పోడు వదలి, ఇప్పచెట్టు వదలి కంచెలోనికి పోవుట కోయకుటుంబమునకు ఎంతటి దెబ్బయో వేరుగ చెప్పనక్కరలేదు. సుందరయ్యగారి గ్రంథపు బలమంతయు ఇచ్చటనే యున్నది. ఆయన శైలి నివేదికాశైలి. అలంకారము లేదు, పునరుక్తి మెండు. అయినను విశ్వాసమునకు చెల్లిన వెలను లెక్కగట్టి చెప్పినది ఆ నివేదికయే.

అంత మాత్రమున దానిని సంపూర్ణసాక్ష్యముగా స్వీకరింపజాలము. అందు కోయ ఆతిథ్యమిచ్చును, దెబ్బలు తినును, మరణించును, మాటలాడడు. అతని మౌనమునకు అర్థము చెప్పువాడు ఎల్లప్పుడును దళనాయకుడే. ద్రోహులను పేరుతో దళములును కొందరిని చంపినవి. అట్టి పరిస్థితిలో నోరు మెదపని మనుష్యుని మౌనము విశ్వాసమా, భయమా, లేక రెండు తుపాకుల నడుమ బ్రతుకనేర్చిన వివేకమా? మూడును కలిసి యుండవచ్చును. గ్రంథము మొదటిదానినే ఎన్నుకొన్నది. ప్రభుత్వపక్షపు వ్రాతలు రెండవదానిని ఎన్నుకొన్నవి. మూడవదానిని తలచినవారు మాకు కానరారు.

కల్పనాసాహిత్యము ఈ లోటును పూరించినదా? సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్ల ‘మా భూమి’ (1947) నాటకమును ప్రజానాట్యమండలి విశేషముగా ప్రదర్శించినది సర్కారు జిల్లాలలో. సరిహద్దు కీవలివారిని కదలించి అండ కూడగట్టుట దాని పని. ఆ పని అది చక్కగా చేసినది. దాశరథి రంగాచార్యులుగారి ‘చిల్లర దేవుళ్ళు’ (1969) గడీ దౌర్జన్యమును చూపి, ప్రజలు పిమ్మట ఎందులకు తిరుగబడిరో తెలుపుచున్నది. కథాకాలమును బట్టి అది పోరాటమునకు ముందే ఆగినది.

కోయల సొంత కొలమానమేదియో తెలియగోరువారు మేడారము వైపు చూడవలెను. కాకతీయసేనతో పోరిన సమ్మక్క కథలో విజయము లేదు. వెన్నుపోటు తిన్న సమ్మక్క చిలకలగుట్ట వైపు నడచి అదృశ్యమగును; వెదకినవారికి దొరకినది కుంకుమభరిణె. జంపన్న నెత్తురు కలిసిన వాగునకు అతని పేరే నిలిచినది. ఓడిన యోధులకు రెండేండ్ల కొకమారు బెల్లమును బంగారమని పిలిచి తూచి యిచ్చు జనమునకు, పోరు ముగిసిన పిదప మొదలగునదే అండ. మన స్మృతికర్తలకు 1951 అక్టోబరులో పోరాటవిరమణతో గ్రంథము ముగియుచున్నది. శిబిరమునుండి మరలివచ్చిన గూడెము ఆ దళమును ఎట్లు తలచుకొన్నది, తలచుకొన్నదా, అను ప్రశ్న అచ్చటనుండి ప్రారంభము కావలసియున్నది.

ఈ పని పుస్తకాలయమున జరుగునది కాదు. కోయభాష నేర్చిన పరిశోధకులు గూడెములకు పోయి, తాతలనుండి విన్న మాటలను మనుమల నోట సేకరింపవలెను. దళమును మెచ్చిన మాటయే కాక, తెగడిన మాటను, జవానును గూర్చిన మాటను గూడ వ్రాసికొనవలెను. కాలము మిక్కిలి తక్కువగ నున్నది. 2014లో ఆంధ్రప్రదేశమున చేరిన కుక్కునూరు, వేలేరుపాడు మండలములలోని పెక్కు గూడెములు పోలవరము ముంపులోనివి. వాని జనులు మరల పునరావాసకాలనీలకు తరలుచున్నారు. ఏ డొంక ఎచ్చటికి పోయెడిదో చూపి చెప్పుటకు డొంకయే మిగులకపోవచ్చును.