చెవులపిల్లి, తీతువు

ఉప్పల్ భగాయత్‌లో ఇంకా గోడ లేవని ప్లాట్ల మధ్య ఆదివారం పొద్దున తిరగడం నాకలవాటు. అడుగుపెట్టానో లేదో తీతువు గోల మొదలెడుతుంది. ఆ అరుపు వింటే ఎవరింట్లోనో చావు కబురని మా నాయనమ్మ భయపడేది. పాపం, దాని దిగులల్లా గుడ్ల గురించే. గూడు కట్టదు. కంకరలో చిన్న గుంట, అందులో నాలుగు మచ్చల గుడ్లు. ఒకసారి తొక్కబోయి ఆగాను. అప్పట్నుంచి నాదొక లెక్క: అరుపు జోరందుకుంటే వచ్చిన దారినే వెనక్కి.

చెవులపిల్లి దగ్గర ఈ లెక్క పనికిరాదు. అది నోరెత్తదు. గడ్డిలో తన ఒంటికి సరిపడా పడక చేసుకుని, చెవులు వీపుకి ఆనించి కూర్చుంటుంది. కాళ్ల ముందు నుంచి ఉరికేదాకా మనకు తెలీదు. ఉరికేటప్పుడు మెడ వెనక నల్లమచ్చ కనిపిస్తే అది మన అడవి కుందేలే. దాన్ని వెతికేవాడు నేల చూడాలి, ఎండు పెంటికల కోసం.

ఒకటి పాలిచ్చేది, ఒకటి గుడ్లు పెట్టేది. పిల్లల విషయానికొస్తే మాత్రం రెండూ ఒకే బడిలో చదివినట్టుంటాయి. మనం పెంచుకునే తెల్ల కుందేలు పిల్లలు వెంట్రుక లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. వాటి జాతికి బొరియ ఉంది మరి. చెవులపిల్లికి లేదు. దాని పిల్ల ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడుతుంది. తీతువు పిల్లయితే గుడ్డు పగిలిన కొన్ని గంటల్లోనే నడుస్తుంది, తల్లి హెచ్చరిస్తే నేలకు కరుచుకుపోతుంది. ఏప్రిల్ ఎండకు ఆ తల్లి నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చోవడం చూడాల్సిందే.

పంచతంత్రంలో కుందేలు సింహాన్ని బావిలో దూకించింది. తీతువు గరుత్మంతుడి దాకా మొరపెట్టుకుని సముద్రం నుంచి గుడ్లు రాబట్టుకుంది. లేఅవుట్ల మీద ఫిర్యాదు ఎవరికి చేసుకోవాలో ఆ కథల్లో లేదు.

నాచారం పారిశ్రామికవాడలో మొన్న వేసవిలో ఒక షెడ్డు స్లాబు మీద తీతువు పొదుగుతూ కనిపించింది. చదును కప్పులైనా, రైలు పట్టాల కంకరైనా దానికి సరే. చెవులపిల్లి మెట్లెక్కలేదు. నాచారంలో పెంటికలు చూసి చాలా ఏళ్లయింది. అయినా కాస్త గడ్డి కనిపిస్తే వంగి వెతుకుతాను.

"ఏమన్న పోయిందా సార్?" అని అడుగుతుంటాడు అక్కడి వాచ్‌మన్.