ఆగిన ఇంజన్, తిరిగే చక్రాలు

కారు కొనేవాడు మైలేజీ అడుగుతాడు, సీట్లు లెక్కపెడతాడు, తిరిగి అమ్మితే ఎంతొస్తుందో వాకబు చేస్తాడు. మోటార్‌హోమ్ వెనక కట్టుకోవడానికి కారు వెతికేవాడి బాధ వేరు. ఇంజన్ ఆపేసి, లోపల మనిషి లేకుండా, నాలుగు చక్రాలూ రోడ్డు మీదే దొర్లుతూ రోజంతా హైవే మీద పోతే ఈ కారుకేమవుతుంది? షోరూములో ఈ ప్రశ్నకి జవాబు దొరకదు. దొరికినా నమ్మడానికి లేదు. "న్యూట్రల్‌లో పెట్టి లాక్కెళ్లిపోండి, ఏమీ కాదు" అనే సేల్స్‌మన్లు నాకూ తగిలారు.

విజయవాడ నుంచి డాలస్ వచ్చిన మా బావగారైతే అసలుకే ఎసరు పెట్టారు. "ఇల్లే కదిలిపోతుంటే మళ్లీ దానికో తోకెందుకయ్యా?" అన్నారు. ఎందుకంటే, ముప్ఫై అడుగులు దాటిన ఆ ఇంటిని క్యాంప్‌గ్రౌండ్‌లో నిలిపి కరెంటు, నీళ్ల గొట్టం, మురుగు గొట్టం తగిలించాక పాల డబ్బా కోసం మళ్లీ అవన్నీ ఊడదీయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. పైగా కొన్ని చోట్లకి అది రానే రాదు. మోంటానాలో గ్లేసియర్ పార్కు కొండల మీదుగా పోయే గోయింగ్ టు ది సన్ రోడ్డులో అసలు చూడవలసిన భాగానికి 21 అడుగులు మించిన బండిని పోనివ్వరు. అక్కడిదాకా వెళ్లి కొండకింద కూర్చోవడం ఎవరికిష్టం?

న్యూట్రల్ చాలదా అని మనవాళ్లకి అనిపించడం సహజమే. చెడిపోయిన అంబాసిడర్‌ని తాడుకట్టి మెకానిక్ షెడ్డుదాకా లాక్కెళ్లడం చూసినవాళ్లం. అది చేత్తో గేరు మార్చే బండి, పోయేది నాలుగు వీధులు. అమెరికాలో దొరికేవి దాదాపు అన్నీ ఆటోమేటిక్‌లే. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆయిల్‌ని తిప్పే పంపు సాధారణంగా ఇంజన్‌తోపాటే తిరుగుతుంది. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది. చక్రాలు మాత్రం ఆగవు. వాటికి తగులుకుని ఉన్న షాఫ్టులూ బేరింగులూ గేర్‌బాక్సులో కందెన అందకుండా తిరుగుతూనే ఉంటాయి. పైకి చప్పుడుండదు, పొగ రాదు. ముందు కూర్చుని నడిపేవాడికి వెనక ఏం కాలుతోందో తెలిసే దారే లేదు. ఊరు చేరి కారు స్టార్ట్ చేసి గేరు వేశాక తెలుస్తుంది, అప్పటికి బిల్లు వేలల్లో.

అందుకే జీప్ రాంగ్లర్‌కి ఈ లోకంలో అంత గిరాకీ. దాంట్లో గేర్‌బాక్సుకీ చక్రాలకీ మధ్య ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఇంకో పెట్టె ఉంటుంది. దాన్ని న్యూట్రల్‌లో పెడితే చక్రాలు తిరిగినా ఆ తిప్పుడు గేర్‌బాక్సుదాకా పోదు. ఆటోమేటిక్ రాంగ్లర్‌ని లాగేటప్పుడు గేరు లీవరు పార్క్‌లో ఉంచమంటుంది కంపెనీ పుస్తకం. మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను.

పుస్తకం అంటే కారుతోపాటు ఇచ్చే ఓనర్స్ మాన్యువల్. అమెరికన్ మాన్యువళ్లలో 'రిక్రియేషనల్ టోయింగ్' అని ఓ భాగం ఉంటుంది, చాలావాటిలో పేజీ కూడా ఉండదు. కారు ఎంపిక మొత్తం ఆ పేజీలోనే తేలిపోతుందని నా నమ్మకం. అదీ ఆ ఏడాది మోడల్‌దే చదవాలి. హోండా సీఆర్‌వీని తీసుకోండి. 2014 మోడల్ దాకా కంపెనీయే లాక్కెళ్లమంది. 2015లో గేర్‌బాక్సు మార్చి సీవీటీ పెట్టారు, అనుమతి పోయింది. పేరదే, పక్కపక్కన పెడితే గుర్తుపట్టలేనంత పోలిక. ఫోర్డ్ మావెరిక్‌లో ఇంకా తమాషా. 2022 మోడల్ హైబ్రిడ్‌ని నాలుగు చక్రాల మీదా లాగొచ్చు, అదే బండి టర్బో ఇంజన్‌తో వస్తే కూడదు. టెస్లాల జోలికి పోనే కూడదు. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది కాబట్టి, వాటిని నాలుగు చక్రాలూ నేలకి తగలకుండా ట్రైలర్ ఎక్కించి తీసుకెళ్లాల్సిందే.

బరువు సంగతి చాలామంది పైపైన చూసి వదిలేస్తారు. ఫోర్డ్ ఈ-450 చాసిస్ మీద కట్టిన మోటార్‌హోమ్‌లు చాలావాటికి నిండు బరువు పరిమితి 14,500 పౌండ్లు, వెనక లాగేదానితో కలిపి 22,000. తీసివేస్తే 7,500 మిగిలింది కదా అని సంబరపడకండి. వెనక బిగించిన హిచ్ 5,000 పౌండ్లదైతే మీ పరిమితి 5,000. నాలుగు తలుపుల రాంగ్లర్ ఒక్కటే నాలుగువేలు దాటుతుంది. ఆ బరువుని మోటార్‌హోమ్ బ్రేకులే ఆపుతాయనుకోవడం దురాశ. కారులో బ్రేకు పెడల్‌ని నొక్కే పరికరం వేరే పెట్టించుకోవాలి, రెండు బండ్లనీ కలిపే కడ్డీ ఊడిపోతే తనంతట తానే బ్రేకు పట్టేసే ఏర్పాటు కూడా. కారు ముందు బిగించే బేస్ ప్లేటు, టో బారు, గొలుసులు, వెనక దీపాల వైరింగు, బిగింపు కూలి కలిపితే ఇంకో పాత కారు ఖరీదు. ఇవేవీ వద్దనుకుంటే ముందు చక్రాలు ఎక్కించే డాలీ ఉంది గానీ, క్యాంప్‌గ్రౌండ్‌లో దాన్ని ఎక్కడ దాచాలో తెలియక తలపట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను.

కట్టిన కారుతో రివర్స్ చేయకూడదు. నాలుగడుగులు కూడా. కారు ముందు చక్రాలు ఓ పక్కకి తిరిగిపోయి టో బారు వంగుతుంది. అందుకని పెట్రోలు బంకులోకి దూరేముందే బయటికి దారి చూసుకోవడం నాకు అలవాటైంది. ఇప్పుడు ఉత్త కారులో వెళ్తున్నా చూస్తాను.

నాకు రాంగ్లర్ మీద మనసు. మా ఆవిడ ఒప్పుకోలేదు. "మోకాళ్ల నొప్పులతో అత్తయ్య అంత ఎత్తెలా ఎక్కుతుంది? మీరు ఎత్తుకుంటారా?" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. 2013 సీఆర్‌వీ కొన్నాం. మూడున్నర వేల పౌండ్ల ప్రాంతంలో తూగుతుంది, అమ్మ హాయిగా ఎక్కి దిగుతుంది. బదులుగా దాని నియమాలు కాస్త ఎక్కువ. బయలుదేరేముందు ఇంజన్ ఆన్ చేసి, డ్రైవ్‌లో వేసి, న్యూట్రల్‌కి తెచ్చి, మూడు నిమిషాలు తిరగనిచ్చి ఆపాలి. ఎనిమిది గంటలు మించిన ప్రయాణమైతే మధ్యలో ఆగి మళ్లీ అదంతా చేయాలి. వేగం 65 మైళ్లు దాటకూడదు. కాలిఫోర్నియాలో ఆ చింత లేదు, అక్కడ వెనక ఏది లాగుతున్నా 55 మించనివ్వరు.