బళ్లారి నాటక రసికుల పరిహాసము

తెలుగు నాటకరంగ చరిత్ర వ్రాసిన పెద్దలు సభల స్థాపనములను, ప్రదర్శనల తేదీలను, నటుల బిరుదములను ఎంతో శ్రమించి సేకరించిరి. ఎదుట బల్లలమీద కూర్చున్నవారు ఏ ఘట్టమున నవ్విరో, ఎవరిని చూచి నవ్విరో ఆ విషయము వారికి అంత ముఖ్యముగా తోచినట్లు లేదు. ఈ వ్యాసమున పరిశీలింపదలచినది ఆ నవ్వును గూర్చియే. నాటకములోని హాస్యరసముతో ఇచ్చట మనకు పని లేదు. ఒక సమాజమును ప్రాణముతో సమానముగా ప్రేమించు రసికులు, ఆ సమాజములోని నటులమీదను, వారి గానపు రుచులమీదను తమలో తాము విసరుకొను చమత్కారములే మన విషయము. ఇట్టి పరిహాసమునకు విమర్శలో స్థానమున్నదా? ఉన్నచో ఎంతవరకు?

ఈ ప్రశ్నకు బళ్లారికంటె తగిన స్థలము దొరకుట కష్టము. న్యాయవాదులైన ఇరువురు నాటకకర్తలు ఒకే ఊర, ఒకే కాలమున, రెండు సభలను నడిపిన చోటది. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు (1853-1912) సరసవినోదినీ సభకు కర్త. నాటకకర్త, నటుడు, శిక్షకుడు కూడ ఆయనయే. కోలాచలం శ్రీనివాసరావుగారు (1854-1919) సుమనోరమ సభకు పెద్ద. మొదటివారిది పురాణగాథ, పద్యము, పాట, రెండవవారిది చరిత్ర. లోకము మొదటివారిని ఆంధ్ర నాటక పితామహుడనియు, రెండవవారిని ఆంధ్ర చారిత్రక నాటక పితామహుడనియు పిలిచినది. ఒక ఊరికి ఇద్దరు పితామహులు ఏర్పడిన పిదప, ఆ ఊరి మనుమలు రెండు పక్షములు కాక మానుదురా!

ధర్మవరమువారి ‘చిత్రనళీయము’ 1886-87 ప్రాంతమున రంగమెక్కినది. 1891లో సరసవినోదినివారు మద్రాసులో నాటకములు ప్రదర్శింపగా, వానిని చూచిన యువకుడు పమ్మల్ సంబంధ ముదలియారు ఆ సంవత్సరమే సుగుణవిలాస సభను స్థాపించెను. తమిళ నాటకరంగమునకు బళ్లారి తెలుగువారు ఇచ్చిన ఈ ప్రేరణను ముదలియారుగారే చెప్పుకొనిరి. ఆ సభలోని నటులు కూలికి వేషము కట్టినవారు కారు. పగలు కచేరీలలోను బడులలోను కనబడువారే రాత్రి నలుడు, బాహుకుడు, సారంగధరుడు అయిరి. పగటి మనిషిని ఎరిగినవానికి రాత్రి వేషము చూచినప్పుడు నవ్వు రావలెనన్న వేరొక కారణము అక్కరలేదు. పరిహాసమునకు మొదటి పెట్టుబడి ఈ పరిచయమే.

రెండవ పెట్టుబడి సంగీతము. నేటివారికి ఆనాటి పద్యపఠనము అతిగా తోచవచ్చును. కాని దానికొక భౌతికమైన కారణమున్నది. ధ్వనివర్ధక యంత్రము లేని రోజులవి. మాటగా పలికిన వాక్యము నాలుగు వరుసలు దాటదు. హెచ్చు శ్రుతిలో నిలిపి పాడిన అక్షరము పందిరి చివరివరకు పోవును. హార్మోనియము వచ్చిన తరువాత ఆ శ్రుతికి అంకెలేర్పడినవి. ఫలానా నటునిది ఐదు శ్రుతి, ఫలానా వానిది ఆరున్నర అని నటుని గొంతును రసికులు కొలతవేసి చెప్పసాగిరి. దూరమునకు వినిపించుటకై పుట్టిన రాగము కొంతకాలమునకు తన కోసమే తాను సాగినది. పద్యములోని అర్థము నాలుగు పాదములతో ముగియును. రాగము ముగియుటకు నటుని ఊపిరి తప్ప వేరు హద్దు లేదు.

ఈ హద్దు దాటుటయే రసికుల చమత్కారములకు నిలయమైనది. పద్యనాటకముల నెరిగిన ప్రతి తెలుగు ఊరను వినవచ్చు కథ యొకటి కలదు: చనిపోయి పడియున్న పాత్ర, జనము ‘వన్స్ మోర్’ అని కేక వేయగనే లేచి, మరణపద్యమును మరల పాడి, మరల చనిపోయినదట. ఒక్క రాత్రి ఒక్క పాత్రకు ఇద్దరు ముగ్గురు నటులను పిలుచు కాంట్రాక్టు నాటకములు ప్రబలిన పిదప, ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు, మూడవ కృష్ణుడు అను వరుస యేర్పడి పరిహాసమునకు కొత్త మేత దొరికినది. రాయబారమునకు బయలుదేరిన కృష్ణుడొకడు, చేరినవాడింకొకడు!

ఈ మాటలను వట్టి అల్లరిగా త్రోసివేయుట తగదు. మరణించినవాడు లేచి పాడెనన్న కథలో నాటకలక్షణ చర్చ అంతయు ఇమిడియున్నది. పాత్ర యెక్కడ ముగిసి గాయకుడెక్కడ మొదలగునో ఆ గీతను అది చూపుచున్నది. ఆ మాట నన్నవానికి పద్యమెట్లు ఉండవలెనో తెలియును, కథ తెలియును, ఆ నటుడు నిన్నటి రాత్రి ఎట్లు పాడెనో కూడ తెలియును. తెలియనివానికి ఇందు నవ్వు లేదు. పొరుగూరి పెద్దమనిషి ఎవరైన ఆ నటునే ఎగతాళి చేసినచో, అంతవరకు నవ్విన రసికుడే కోపముతో లేచి పోట్లాటకు సిద్ధమగును. లోపలివానికే చెల్లు స్వాతంత్ర్యమిది.

మన పాత ప్రదర్శనలలో ఈ పరిహాసము రంగముమీదనే ఉండెడిది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క నడుమనడుమ దూరి రాముని కథను ఆపి, చూచువారిని, ఆడించువారిని కూడ వెక్కిరింతురు. సరిహద్దుకు ఆవల కన్నడపు తొగలు గొంబెయాటలో కిళ్లేక్యాతునిదియు అదే పని. తెరలు కట్టి, వెల పెట్టి, బల్లలు వేసిన కొత్త నాటకశాలలో కేతిగానికి వేషము దొరకలేదు. వాడు చావలేదు, టిక్కెట్టు కొనుక్కొని వచ్చి బల్లమీద కూర్చుండెనని నా అభిప్రాయము.

ఇది మన సీమకు మాత్రమే చెందిన గుణము కాదని చూపుటకు నేటి కాలపు ఉదాహరణ మొకటి తీసికొందును. పాశ్చాత్య సంగీతమున ‘మెటల్’ అను శాఖ యొకటి కలదు. ఇనుపఖనిజపు కొండలున్న బళ్లారివారికి ఆ పేరు వింతగా ఉండదు. ఆ శాఖకు మూలపురుషులనదగిన బ్లాక్ సబ్బాత్ బృందము బర్మింగుహాము కర్మాగారముల నడుమ పుట్టినదే. దాని గిటారు వాదకుడు టోనీ అయోమీ రేకుల కర్మాగారములో రెండు వ్రేళ్ల కొనలు పోగొట్టుకొన్నవాడు. ఈ సంగీతము మనకు దూరము కాదు. బెంగుళూరు ప్యాలెస్ మైదానములో 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరు 30న మెటాలికా బృందములు కచేరీ చేసినవి.

ఈ అభిమానుల సంభాషణ విన్నచో మన శ్రుతుల లెక్కలే జ్ఞప్తికి వచ్చును. మెటాలికావారి 1988 నాటి గీతసంపుటి ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ నందు బాస్ గిటారు దాదాపు వినబడదు. జేసన్ న్యూస్టెడ్ అను కొత్త వాదకుడు బృందములో చేరిన తరువాత వచ్చిన మొదటి పూర్తి సంపుటి యది. ఆయన వాయించెనా లేక చేతులు కదిపి ఊరకుండెనా అని అభిమానులు నాటినుండి నేటివరకు నవ్వుచునే యున్నారు. 2003లో వచ్చిన ‘సెయింట్ యాంగర్’ నందలి డోలుధ్వనిని చెత్తడబ్బా మ్రోతతో పోల్చుట వారిలో పరిపాటి. ఇట్టి బృందముల డాంబికమును వెక్కిరించుచు 1984లో ‘దిస్ ఈజ్ స్పైనల్ టాప్’ అను చిత్రమే వచ్చినది. అందులో డోలు వాయించువాడు ఒకని తరువాత ఒకడుగా విచిత్రముగా చనిపోవుచుందురు. మన మూడవ కృష్ణునికి వీరు దగ్గరి చుట్టములు.

ఇచ్చట గమనింపవలసిన అంశమొకటి కలదు. ముప్పది యేండ్ల పరిహాసము తరువాత, 2018లో ఆ 1988 సంపుటిని శుద్ధిచేసి తిరిగి విడుదల చేసినప్పుడు కూడ బాస్ ధ్వనిని పెంచలేదు. అభిమానులు గొణిగిరి, నవ్విరి, కొనిరి. పెంచియున్నచో, నవ్వుకొనుటకు ఆధారము పోయినదని చింతించువారు కూడ కొందరుందురేమో!

పరిహాసపు హద్దు మనకు ఈ చోట దొరకుచున్నది. రసికుడు లోపమును అందరికంటె ముందు కనిపెట్టును, అందరికంటె చక్కగా చెప్పును. కాని దానిని దిద్దవలెనని కోరడు. చనిపోయినవాడు లేచి పాడెనని నవ్విన నోరే ‘వన్స్ మోర్’ అని కేక వేసినది. నటుడు ఎవరి మాట వినవలెను? నవ్వుకు వెల లేదు, కేకకు చప్పట్లు కలవు. అందుచేత అతడు కేకనే విన్నాడు. రాగము పెరిగినందుకు నటుల సంగీతపిచ్చిని మాత్రమే నిందించు విమర్శకులతో నేను ఏకీభవింపజాలను. ఆ పిచ్చిలో సగము బల్లలమీదనే ఉన్నది.

ఆ నవ్వును నిజముగా విన్న నటుడొకడు బళ్లారిలో ఉండెను. తాడిపత్రి రాఘవాచార్యులు, లోకమునకు బళ్లారి రాఘవ (1880-1946), ధర్మవరమువారి మేనల్లుడు. మేనమామ ద్వారా రంగమునకు వచ్చినవాడు కోలాచలమువారి ‘రామరాజు చరిత్ర’లో పఠాను రుస్తుం వేషముతో ప్రసిద్ధికెక్కెను. పక్షములు కట్టిన ఊరికి ఇంతకంటె చమత్కారము వేరొకటి కావలెనా? ఈయన వృత్తిచే న్యాయవాది. పద్యమును దీర్ఘరాగముతో లాగుటను ఆయన ఒప్పుకొనలేదు. మాటను మాటగా, భావమును ముఖముతో చూపవలెననెను. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టెను. బల్లలమీది కేతిగాడు వెక్కిరించిన దోషములలో ముఖ్యమైన రెండింటిని ఆయన రంగముమీద దిద్దజూచెను.

మరి బల్లలవారు సంతోషించిరా? పండితులు, విద్యావంతులు మెచ్చుకొనిరి. సామాన్య ప్రేక్షకుని రుచి మాత్రము పద్యమును వదలలేదు. 1936లో ఒకే కథమీద రెండు తెలుగు చలనచిత్రములు పోటీగా వచ్చినవి. ‘ద్రౌపదీ వస్త్రాపహరణము’లో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు; ‘ద్రౌపదీ మానసంరక్షణము’లో రాఘవ దుర్యోధనుడు. జనాదరణ మొదటి చిత్రమునకే దక్కెను. జయాపజయములకు కారణములు అనేకముండును గనుక దీనిని రుచి యిచ్చిన తీర్పుగా మాత్రమే చెప్పుట సాహసము. అయినను మూడేండ్లకు, గూడవల్లి రామబ్రహ్మముగారి ‘రైతుబిడ్డ’ (1939)లో రైతు పాత్ర రాఘవకు దొరికినది. సాంఘికమైన కథ, మైకు ఎదురుగా ఉన్నది, గొంతు చివరి వరుసకు పంపవలసిన పని లేదు. ఆయన ఇంతకాలము వాదించిన నటనకు అనువైన యంత్రము అప్పటికి వచ్చినది. ఆయనకు అరువదేండ్లు సమీపించినవి.

ఇక ఈ పరిహాసములను సేకరించు పని. 1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునను, బళ్లారి మైసూరునను చేరిన పిదప, రెండు వైపులవారును నాటకచరిత్రను తమ తమ భాషకు పరిమితము చేసి వ్రాసికొనిరి. నటుని పేరు గీత కిరువైపుల నిలిచినది. నవ్వు నిలువలేదు; ఎందుకనగా అది తరచు రెండు భాషల నడుమ పుట్టినది. ధర్మవరమువారు తొలుత కన్నడమున కూడ నాటకము వ్రాసినవారే. గుబ్బి వీరణ్ణగారివంటి కన్నడ సమాజముల ఆటలు ఎరిగిన చెవితోనే ఈ ఊరివారు తెలుగు పద్యమును విని తూచిరి. కన్నడ పదమును తెలుగు యాసలో విరిచి అన్న ఎగతాళిని, ఏదో ఒక్క భాష తెలిసినవాడు వ్రాసికొనినచో అందులో ఉప్పు ఉండదు. రాఘవ సాహచర్యమున పెరిగిన జోళదరాశి దొడ్డనగౌడగారివంటి (1910-1994) కన్నడ నటుల రచనలను తెలుగు పరిశోధకులు ముందుగా చదువవలసి యున్నది. ఆపైన బళ్లారి, ఆదవాని, రాయదుర్గములలో తాతలనుండి ఈ మాటలు విన్న కుటుంబముల ముంగిట కూర్చుండి, నటుని పేరు, నాటకము పేరు, నవ్వినది ఏ పద్యమువద్దనో అడిగి, వారు పలికినది పలికినట్లు రెండు లిపులలో వ్రాసికొనవలెను.